ఔషధ దీక్ష – తొలి పక్షము

శ్రీ విష్ణు సహస్రనామ స్తోత్రమును ప్రతిదినము పారాయణము చేయు పుణ్యాత్ములు మన యిండ్లలో పెక్కుమంది గలరు. భీష్మ పితామహుడు అంపశయ్యపై నుండి ధర్మరాజునకు ఉపదేశించిన ఆ వేయి నామములలో భగవంతునకు ‘వైద్యుడు’ అను నామము గలదు. ‘ఔషధము’ అను నామమును గలదు. మరికొంత దూరము సాగినచో ‘భేషజము’, ‘భిషక్కు’ అను రెండు నామములు ఒకదాని ప్రక్క నొకటి వచ్చును. భేషజమనగా మందు, భిషక్కనగా ఆ మందు నిచ్చు వైద్యుడు. మందును, మందిచ్చువానిని గూడ భగవత్స్వరూపముగా భావించి నమస్కరించిన సంప్రదాయము మనది. జ్వరమునకు మాత్ర మ్రింగునపుడు, మధుమేహమునకు ఇన్సులిన్ సూది వేయించుకొనునపుడు ఈ భావమున కెట్టి ఆటంకమును కలుగుట లేదు. మనోవ్యాధికి మందు వ్రాసినప్పుడు మాత్రము, “దేవుని నమ్మినవానికి ఈ మాత్రలెందుకు?” అను ప్రశ్న ఎక్కడనుండియో లేచి వచ్చును. సహస్రనామము నిత్యము చదువు ఇంటనే ఈ ప్రశ్న లేచుట విచిత్రము.

వ్యాధులకు ఆశ్రయములు రెండనియు, ఒకటి శరీరము, రెండవది మనస్సు అనియు చరక సంహిత స్పష్టముగా చెప్పినది. ఒక ఆశ్రయమునకు చికిత్స ధర్మమై, రెండవ దానికి చికిత్స భక్తిలోపమెట్లగును? కొందరు గీతలో శ్రీకృష్ణ భగవానుడు అర్జునుని పిరికితనమును విడిచి లెమ్మని మందలించిన ఘట్టమును చూపి, దిగులుపడినవానికి నాలుగు చివాట్లు చాలునందురు. వారు ఆ తరువాతి భాగమును చదువలేదని తోచును. ఆ మందలింపుతో అర్జునుడు లేవలేదు! అంతకుముందే అతడు తన అవయవములు పట్టు దప్పుచున్నవనియు, నోరెండుచున్నదనియు, దేహము వణకుచున్నదనియు, మనస్సు గిర్రున తిరుగుచున్నదనియు విన్నవించుకొనియుండెను. మందలింపు విన్న పిదప గూడ తాను యుద్ధము చేయనని చెప్పి మౌనము వహించెను. అప్పుడు భగవానుడు చివాట్లు మాని ఉపదేశమునకు పూనుకొనెను. అది పదునెనిమిదవ అధ్యాయము వరకు ఓర్పుతో సాగినది. అర్జునుని విషాదము ధర్మసంకటము వలన కలిగినది గాని వ్యాధి కాదు, నిజమే. అయినను దుఃఖితునితో ఎట్లు మెలగవలెనో ఆ ఘట్టము చెప్పుచున్నది.

మందు పుచ్చుకొనవచ్చునా యను వివాదమును ఇంతటితో విడిచెదను. దానిని గురించి చెప్పువారు ఇప్పుడు చాలమంది గలరు. ధైర్యము చేసి వైద్యుని వద్దకు వెళ్లి, చీటి వ్రాయించుకొని, మాత్ర మొదలుపెట్టి, వారము తిరుగకముందే మానివేయువారిని గురించి చెప్పువారు తక్కువ. వారి కష్టమే ఈ వ్యాసమునకు విషయము.

మా దేవాలయమున సాయంకాలము జరుగు పురాణ కాలక్షేపమునకు క్రమము తప్పక వచ్చుచుండిన ఒక ఉపాధ్యాయుడు కొన్ని నెలలపాటు కనబడలేదు. నిద్ర లేదు, ఆహారము రుచింపదు, బడికి పోవుటకు కాళ్లు రావు, ప్రాతఃకాలముననే గుండెపై బండ పెట్టినట్లుండును. చివరకు భార్య బలవంతముపై మానసిక వైద్యుని చూచెను. మందు మొదలుపెట్టిన అయిదవనాడు ఆ యిల్లాలు దేవాలయమునకు వచ్చి, “అయ్యగారూ, జబ్బుకంటె మందే ఎక్కువ బాధపెడుతోంది. అన్నం చూస్తే వాంతి వస్తోందంటున్నారు. చేతులు వణుకుతున్నాయి. రాత్రి ఒక్క క్షణం కుదురుగా పడుకోలేదు. మానేయమంటారా? మీరు చెబితే వింటారు” అని అడిగినది. ‘మానుము’ అను మాట నా నోట వచ్చినచో ఆ పెట్టె అటక యెక్కును. ‘మానవద్దు’ అని మాత్రము చెప్పి పంపినచో, నిజముగా ప్రమాదకరమైన లక్షణ మేదైన ఉన్న యెడల దానిని నేను కప్పిపుచ్చినవాడ నగుదును. పురాణము చెప్పువాని కిచ్చట తీర్పు చెప్పు అధికారము లేదు. “అమ్మా, ఈ మాటలే వైద్యునితో చెప్పితివా?” అని అడిగితిని. చెప్పలేదు. తరువాత రమ్మన్నది నెల దినములకు గనుక, అంతవరకు ఓర్చుకొనవలెనని వారనుకొనిరి.

వారిరువురిని కలవరపెట్టిన ఈ లక్షణములు ఏల కలుగునో తెలిసినచో భయము సగము తగ్గును. ఈ కాలమున విషాద వ్యాధికి తరచుగా వ్రాయు ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్, ఫ్లూఆక్సెటీన్ వంటి మందులు సెరటోనిన్ అను పదార్థముపై పనిచేయును. నాడీకణములు వెలువరించిన సెరటోనిన్‌ను అవియే వెంటనే మరల లోనికి తీసికొనకుండ ఈ మందులు అడ్డగించును. కాని ఆ పదార్థము మెదడునందు మాత్రమే యుండునది కాదు. మన శరీరమునందలి సెరటోనిన్‌లో సుమారు 90 శాతము జీర్ణకోశముననే యున్నది. కావున మందు లోనికి పోయిన వెంటనే కడుపు మొదట పలుకును. వికారము, విరేచనములు, ఆకలి తగ్గుట అందువలననే. తలనొప్పి, చెమట, స్వల్పమైన వణకు, ఒకరికి నిద్ర రాకుండుట, మరియొకరికి పగలు గూడ మత్తుగా నుండుట కూడ తొలి దినములలో సామాన్యములే. కొందరికి గుండెదడ, ఆందోళన మొదట కొంచెము పెరుగును. అమిట్రిప్టిలిన్ వంటి పాత తరగతి మందులు వాడువారికి నోరెండుట, మలబద్ధకము, లేచి నిలిచినపుడు కన్నులు తిరుగుట ఎక్కువగా నుండును. ఈ బాధలలో పెక్కు ఒకటి రెండు వారములలో తమంతట తాము తగ్గును.

మేలు మాత్రము అంత త్వరగా రాదు. సెరటోనిన్‌ను అడ్డగించు పని కొన్ని గంటలలోనే మొదలగును గాని, ఆ మార్పునకు మెదడులోని నాడీవ్యవస్థ సర్దుకొనుటకు వారములు పట్టును. రెండు నుండి నాలుగు వారములలో కొంత తేట కనిపించును. పూర్తి ఫలము తెలియుటకు ఆరు నుండి ఎనిమిది వారములు కావలెను. కష్టము మొదటి దినముననే, సుఖము నెల తరువాత. ఇదియే ఈ మందులలోని చిక్కు. ఆశ యనునదే నశించుట ఈ వ్యాధి లక్షణము గదా! అట్టివానిని, నేడు బాధ పడుము, నెలకు సుఖము కలుగునని నమ్ముమనుట సామాన్యమైన కోరిక కాదు. మానివేసినవారిని నిందించుటకు ముందు ఇంటివారు ఈ మాట తలపోయవలెను.

ఇట్టి సందర్భమున క్షీరసాగర మథనము ఎవరికైనను స్ఫురించును. అమృతము కొరకు చిలుకగా, శ్రీమద్భాగవత కథలో ముందుగా పుట్టినది హాలాహలము. ధన్వంతరి అమృత కలశముతో వచ్చుట కడపటి మాట. ముందు విషము, వెనుక అమృతము అని ఉపన్యాసకులు చెప్పి ఊరకుందురు. కాని ఆ కథలో మనము గమనింపవలసిన పట్టు మరియొకటి గలదు. హాలాహలము పుట్టినప్పుడు దేవతలేమి చేసిరి? చిలుకుట వ్యర్థమని ఇండ్లకు పోలేదు. ధైర్యము చూపుదమని దానిని తామే త్రావలేదు. తిన్నగా కైలాసమునకు పరుగెత్తి, తమకు కలిగిన ఆపదను దాచక పరమశివునకు విన్నవించుకొనిరి. ఆ పిమ్మట మరల వచ్చి చిలికిరి. గరళమును కంఠమున నిలుపుకొనుట నీలకంఠునకే చెల్లినది. మందు మొదలుపెట్టిన రోగి స్థానము శివుని స్థానము కాదు, దేవతల స్థానము. బాధను గొంతులో దాచుకొని నెల దినములు మౌనముగా నుండుట భక్తియు కాదు, ధైర్యమును కాదు.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములని చెప్పెను. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగి గూడ ఒక పాదమే! మంచముపై పడియుండి ఇతరులు చేసినది చేయించుకొనువాడు మాత్రమే కాదు. ఆ నాలుగవ పాదమునకు ఉండవలసిన గుణములను గూడ ఆయన లెక్కించెను. జ్ఞాపకశక్తి, వైద్యుడు చెప్పినట్లు నడచుకొనుట, భయపడకుండుట, తన వ్యాధి యెట్లున్నదో తెలియజెప్పగలుగుట. ఈ కడపటి దానిని ‘జ్ఞాపకత్వము’ అనిరి. అనగా తెలుపుట. మనవారు సాధారణముగా మూడవ గుణమునే పట్టుకొని, “భయపడకు, ఓర్చుకో” అందురు. నాలుగవది లేని మూడవది మూర్ఖపు పట్టుదలగా మారును.

ఆ ఉపాధ్యాయుని భార్యతో ఒక చిన్న పుస్తకమున నాలుగు సంగతులు వ్రాయుమంటిని. మాత్ర ఏ వేళకు వేసికొన్నది, వికారము ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గినది, నిద్ర యెన్ని గంటలు, దినమునకు కాఫీ యెన్ని మార్లు. మరునాడే వారు ఆ పుస్తకముతో వైద్యుని చూచిరి. ఆయన మోతాదును కొంతకాలము సగమునకు తగ్గించి, రాత్రి పరగడుపున వేసికొనుచుండిన మాత్రను ఉదయము ఫలహారము తరువాతకు మార్చెను. కాఫీ దినమున కయిదు మార్లు త్రాగుచున్నట్లు తేలినది. దానిని ఉదయము ఒక్కసారికి తగ్గించుమనెను. మందు మారలేదు. మార్చినదెల్ల వేళ, మోతాదు, కాఫీ. తనంతట తాను మాత్రను విరిచికొనుటకును, వైద్యుడు విరువుమనుటకును భేదము గలదు. ఒకనాడు మరచినచో మరునాడు రెండు వేసికొనరాదు. ప్రక్కయింటివారికి పనిచేసిన మందు మనకు పనిచేయవలెనను నియమమును లేదు. తలనొప్పికి దుకాణమున దొరకు నొప్పి మాత్రలను గూడ అడుగక వేసికొనరాదు. వానిలో కొన్ని ఈ మందులతో కలిసినపుడు రక్తస్రావమునకు దారితీయవచ్చును, కొన్ని సెరటోనిన్‌ను మితిమీర పెంచవచ్చును. మద్యము సంగతి చెప్పనక్కర లేదు. మత్తుగా నున్న దినములలో మోటారు సైకిలు నడుపరాదు.

దాంపత్య జీవనమున ఆసక్తి తగ్గుటయు ఈ మందుల వలన కలుగవచ్చును. అది ఇతర బాధలవలె పక్షము దినములలో పోవునని చెప్పుటకు వీలులేదు. సిగ్గుపడి చెప్పక, చివరకు దానివలననే మందు మానువారు గలరు. వైద్యుని యెదుట ఈ సిగ్గు పనికిరాదు. దానికిని మార్గములు గలవు.

ఇంతవరకు చెప్పినవి ఓర్చుకొనుచు తెలుపవలసినవి. ఓర్వనే కూడనివి కొన్ని గలవు. ఒకచోట కూర్చుండలేక, నిలువలేక, ఒళ్లంతయు లోపలనుండి త్రిప్పినట్లై అటునిటు తిరుగుచుండుట. చచ్చిపోవలెనను తలంపు క్రొత్తగా పుట్టుట లేదా పెరుగుట. నిద్రయే లేకున్నను అలసట లేక అతిగా మాటలాడుచు, ధనమును విచ్చలవిడిగా వ్యయపరచుచు ఉప్పొంగిపోవుట. ఒంటిపై దద్దులు, ముఖము వాచుట, ఊపిరి ఆడకుండుట. జ్వరముతో కండరములు బిగిసి మతి తప్పినట్లగుట. వృద్ధులయందు అకస్మాత్తుగా తికమక కలుగుట, ఇది రక్తమున సోడియము తగ్గుటవలన గావచ్చును. వీనిలో ఏది కనిపించినను తరువాతి తేదీ కొరకు వేచియుండక ఆనాడే వైద్యుని గాని, ఆసుపత్రిని గాని చేరవలెను. 25 ఏండ్లలోపు వారి విషయమున తొలి వారములలో విశేషమైన జాగ్రత్త కావలెను. అమెరికా దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయమునను, 2007లో 24 ఏండ్ల వరకు గల యువజనుల విషయమునను ఆత్మహత్యాలోచనలను గూర్చి ఈ మందుల పత్రముపై హెచ్చరిక ముద్రింప నిర్ణయించినది. యువకులకు ఈ మందులు కూడవని దాని యర్థము కాదు, కనిపెట్టి యుండవలెనని యర్థము. మనదేశమున 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైన ‘టెలి మానస్’ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును. తెలుగున మాటలాడువారు గలరు.

కనిపెట్టి యుండవలసినవాడు చరకుడు చెప్పిన మూడవ పాదము, పరిచారకుడు. ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము అతనికి ఉండవలసిన గుణములని చెప్పబడినది. అనురాగమనగా గంటకొకసారి “ఎలా ఉంది? తగ్గిందా?” అని ప్రశ్నించుట కాదు. ఆ ప్రశ్నకు ప్రతిసారి ‘లేదు’ అని చెప్పవలసివచ్చినవాడు మరింత క్రుంగిపోవును. వికారముగా నున్నవానికి పళ్లెము నిండ వడ్డించి తినుమని పట్టుపట్టుటకంటె, ఒక ఇడ్లీ, కొంచెము సేపటికి చారన్నము, మరికొంత సేపటికి పలుచని మజ్జిగ, ఇట్లు కొంచెము కొంచెముగా పెట్టుట మేలు. తొలి వారములలో మందుల పెట్టె ఇంటివారి వద్దనే యుంచి, ఏనాటి మాత్ర ఆనాడు చేతికిచ్చుట మంచిది. సేద్యము చేయువారి యిండ్లలో పురుగుమందులను నివాసమునకు దూరముగా తాళము వేసి యుంచవలెను. ఈ మాట వ్రాయుటకు మనసొప్పకున్నను, మన పల్లెల సంగతి తెలిసినవాడు వ్రాయక తప్పదు.

మేలు కలుగుట గూడ తరచుగా ఇంటివారి కన్నులకే ముందు తెలియును. ఆ ఉపాధ్యాయుడు నాలుగవ వారమున గూడ తనకేమియు తగ్గలేదనియే చెప్పుచుండెనట. కాని ఒకనాడు వంటయింటి గుమ్మము వద్ద నిలిచి, “ఇవాళ కూరేమిటి?” అని అడిగెనట. ఆరు నెలల తరువాత ఆ ప్రశ్న విని ఆ యిల్లాలు వంకాయలు తరుగుట మాని కొంతసేపు కత్తిపీట యెదుట ఊరక కూర్చుండిపోయితినని నాతో చెప్పినది.

ఇక దేవాలయ పత్రికలో తప్పక చెప్పవలసిన సంగతి యొకటి మిగిలినది. ఏకాదశి ఉపవాసమనియు, నోమనియు, దీక్షయనియు మాత్రలు మానువారు గలరు. వ్రతమునకు భంగము కలిగింపనివి ఎనిమిదింటిని పెద్దలు మహాభారతమున లెక్కించి చెప్పియున్నారు. నీరు, దుంపలు, ఫలములు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఎనిమిదవది ఔషధము. ఇంతకంటె స్పష్టమైన అనుమతి యేమి కావలెను? పైగా ఈ తొలి పక్షమున కటిక ఉపవాసము పనికిరాదు. ఖాళీ కడుపు వికారమును పెంచును. బాలురకు, వృద్ధులకు, రోగులకు ఉపవాస నియమమును ధర్మశాస్త్రములే సడలించినవి.

వ్రతము చేయవలెనని మనసు పీకుచున్నవారు ఈ మందునే వ్రతముగా చేయుదురు గాక. అయ్యప్ప మాలగాని, బెజవాడ కనకదుర్గమ్మ భవానీ మాలగాని ధరించినవారి మండల దీక్ష 41 దినములు. ఈ మందు తన గుణమును చూపుటకు పట్టు ఆరు వారములును 42 దినములే. దీక్ష పట్టిన తొలి వారము ఎట్లుండునో మాల వేసికొన్నవారికి తెలియును. పాదరక్షలు లేక అరికాళ్లు బొబ్బలెక్కును. తెల్లవారుజామున చన్నీళ్లు దేహమును కోసినట్లుండును. నేలపై పడక నడుమును పట్టివేయును. పదవనాటికి కాళ్లు గట్టిపడును, చన్నీరు అలవాటగును. తొలినాటి బొబ్బను చూచి మాల తీసివేయువాడు లేడు. అట్లని కాలు చీము పట్టినను గురుస్వామికి చెప్పక నడచువాడును లేడు. నిత్యము ఒకే వేళకు, ఫలహారము పిదప, దీపము పెట్టు సమయముననో, సంధ్యావందనము ముగిసిన తరువాతనో, భగవన్నామము నొకదానిని తలచికొని ఆ మాత్రను పుచ్చుకొన్నచో మరచుటయు నుండదు. గోడకు వ్రేలాడు పంచాంగపు క్యాలెండరులో ఏ దినమున కా దినము ఒక గీత గీచికొనవచ్చును.

దీక్షకును దీనికిని ఒక్క భేదము గలదు. నలుబది రెండవనాడు ఇది ముగియదు. బాగుపడిన తరువాత గూడ కనీసము ఆరు నెలలు, కొందరికి అంతకు మించియు మందు కొనసాగింపవలసి యుండును. ఇది మద్యమువలె మరల మరల కావలెనను తహతహ పుట్టించునది కాదు. అయినను ఒక్కసారిగా మానినచో తలతిరుగుడు, విద్యుత్తు తగిలినట్లు తలలో జల్లుమనుట, చికాకు, పీడకలలు కలుగవచ్చును. అందుచేత వైద్యుడే మోతాదును వారములపాటు కొంచెము కొంచెముగా తగ్గించి మాన్పించును. మాల వేసినది గురుస్వామి. కొండకు పోయి వచ్చిన పిదప తీయునదియు ఆయనయే.